రెండు మేకల ధర మన కొట్టం



రాయలసీమ అంటే కరువొక్కటే అనుకుంటారు బయటోళ్ళు. నీళ్ళ దెబ్బ ఎట్లుంటుందో కర్నూలు, కడప జనానికి బాగా తెలుసు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు పాతబస్తీని ముంచాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ళ మీద పడింది. రెండుసార్లూ 'ఊహించని వరద' అన్నారు. అన్నమయ్య స్పిల్‌వే సామర్థ్యం 2.17 లక్షల క్యూసెక్కులైతే 3.2 లక్షలు వచ్చాయన్నారు. మరి అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని నాటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెఖావత్ రాజ్యసభలో చెప్పారే, అది కూడా ఊహించనిదేనా?

డ్యాముల గురించి ఎంతో కొంత చర్చ జరిగింది. నీళ్ళు పోయినాక డబ్బులు ఎట్లా లెక్కేస్తారన్నది మాత్రం మన గురించి ఎవరూ మాట్లాడరు. అది మనమే మాట్లాడాలి.

వరద సాయం వచ్చేది ఎక్కువగా రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. మన రాష్ట్రానికి అందులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోం శాఖ రేట్లు పెడుతుంది. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా ఇచ్చిన రేట్లు చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. గుడిసె పోతే 8,000. మేక చస్తే 4,000. అంటే మన బోద కొట్టం విలువ రెండు మేకలు!

అది కూడా సులభంగా రాదు. ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. చెరువు కట్ట కింద, వంక గట్టున, పోరంబోకులో ఉండే యానాదులకు, ఎరుకలోళ్ళకు ఆ కాగితం యాడిది? బట్టలకు 2,500, సామాన్లకు 2,500 ఇస్తారు. ఇల్లు కొట్టుకుపోకుంటే, రెండు రోజులకు మించి నీళ్ళల్లో ఉండాలి. మన వంకలు రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతాయి. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పోవడానికి ఒక్క రాత్రి చాలదా?

పంట సంగతీ అంతే. ఈ-పంటలో పేరుండాలి. కౌలుకు చేసే సుగాలీ రైతుకు సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. పెట్టకపోతే చేసిన అప్పు మనది, వచ్చే పరిహారం ఆయనది.

రూల్స్ దాటి ఇవ్వలేమంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మునిగిన ఇళ్ళలో కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. వాళ్ళకు ఇచ్చినందుకు మనకు కడుపుమంట లేదు. వాళ్ళ కష్టమూ కష్టమే. కానీ నీళ్ళు ఎక్కని మేడ మీది ఇంటికి 10,000 ఇవ్వగలిగిన ప్రభుత్వం, నేలమట్టమైన కొట్టానికి 8,000 రేటు చూపించి చేతులు దులుపుకుంటే ఒప్పుకుంటామా? మనసుంటే మార్గం ఉంటుందని విజయవాడలో వాళ్ళే నిరూపించారు.

కాగితం లేకుండా ఇస్తే దొంగ పేర్లు ఎక్కుతాయనేది ఇంకో మాట. కొట్టిపారేసే మాట కాదు, ఎక్కుతాయి. మరి కాగితం ఉన్నోళ్ళ జాబితాల్లో దొంగ పేర్లే లేవా? దీనికి దారి చట్టంలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో, హక్కు అడిగినవాళ్ళు కాకుండా ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. నల్లమలలో చెంచు పెద్ద మాట భూమి హక్కుకు సాక్ష్యంగా చెల్లుతుంది. అదే పెద్ద 'ఈడ ఫలానా వాళ్ళ కొట్టం ఉండె' అంటే 8,000 రూపాయలకు చెల్లదా?

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. నష్టం జాబితా గ్రామసభలో చదవాలి, సచివాలయం గోడకు అంటించాలి. పట్టా లేని ఇంటికి పెద్దల వాంగ్మూలం, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలనాలి. కొట్టానికీ ఇంటి రేటే ఇవ్వాలి. సాగు చేసినోళ్ళకే పంట పరిహారం అందాలి. తడిసిన కులం, చదువు సర్టిఫికెట్లు ఫీజు లేకుండా మళ్ళీ ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, వంక గట్టున ఉన్నోళ్ళకు మెరకలో ఇంటి పట్టా ఇవ్వాలి.

అడగడంతో పని అయిపోదు. వానలు మొదలయ్యేలోపు ప్రతి తండాలో, గూడెంలో, కాలనీలో చదువుకున్న పిల్లలు ఇద్దరు బయలుదేరాలి. ప్రతి కొట్టం, ప్రతి మేక, ప్రతి మడి ఫోటో తేదీతో సహా తీసి పెట్టండి. పేర్లు రాసి పెద్దలతో సంతకాలు, వేలిముద్రలు వేయించండి. ఒక కాపీ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. వరద తర్వాత పేరు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

హెలికాప్టర్ నుంచి చూస్తే నీళ్ళు కనపడతాయి, మనం కనపడం. కనపడాలంటే జాబితాలో ఉండాలి. ఆ జాబితా రాయడం ఈ వారమే మొదలుపెడదాం. మీ ఊర్లో ఎవరు చేస్తారో పేర్లు కింద పెట్టండి.