పన్నెండు రోజులూ వంటింట్లోనే!

గోదావరికి మళ్ళీ పుష్కరాలు 2027లో. మా ఇల్లు రాజమండ్రిలో, కోటిలింగాల రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. ఈ రెండు ముక్కలూ వింటే మీకు నా అదృష్టం చూసి అసూయ పుడుతుందేమో. నాకు మాత్రం నడుంనొప్పి పుడుతుంది!

ఎందుకంటారా? 2015 సంగతి చెప్తాను వినండి. ఆ ఏడాది జులై 14 నుంచి 25 దాకా పుష్కరాలు. గురుడు సింహరాశిలోకి రాగానే గోదావరికి, రేవు దగ్గర ఇల్లున్నవాళ్ళకి చుట్టాలు వస్తారు. మా రెండు గదుల వాటాలో, వరండాలో, డాబా మీద కలిపి ఒక్కోరోజు పాతికమంది దాకా పడుకున్నారంటే నమ్మండి. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, బెంగుళూరు నుంచి కూడానూ. పెళ్ళయ్యాక మళ్ళీ మొహం చూడనివాళ్ళు కూడా "అమ్మాయ్, బాగున్నావా" అంటూ దిగారు.

తెల్లవారుజామున మూడున్నరకి లేచి కాఫీ డికాషన్ దించేదాన్ని. స్నానానికి వెళ్ళేవాళ్ళకి కాఫీలు, వచ్చినవాళ్ళకి ఇడ్లీలు, పిండప్రదానాలు పెట్టుకునేవాళ్ళకి మడివంట విడిగా. ఉల్లి తిననివాళ్ళు కొందరు, షుగరున్నవాళ్ళు కొందరు. మధ్యాహ్నం కందాబచ్చలి, ముక్కల పులుసు. వెళ్ళేవాళ్ళకి దారిలోకి పులిహోర పొట్లాలు. ఈలోగా డాబా మీద తడిబట్టలు తీసేటప్పటికి మళ్ళీ కాఫీ వేళ. చింతపండు పిసికి పిసికి వేళ్ళు పాచిపోయాయి.

నేను స్నానానికి వెళ్ళింది ఎప్పుడంటారు? వెళ్ళలేదు! పన్నెండు రోజుల్లో ఒక్కనాడు కూడా వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు సుమండీ. అలాగని, "నువ్వెళ్ళి రా, పొయ్యి దగ్గర మేముంటాం" అని కూడా ఎవరూ అనలేదు. రేవు నుంచి వచ్చినవాళ్ళు మాత్రం సీసాలో తెచ్చిన నీళ్ళు నా నెత్తిన చల్లి, "ఇంక నువ్వూ మునిగినట్టే" అనేవారు. ఆఖరిరోజు చీర, తువ్వాలు సంచీలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. అప్పుడే ఆటో ఆగింది. ఆరుగురు దిగారు. సంచీ మళ్ళీ చిలక్కొయ్యకి తగిలించాను.

అంతకుముందు 2003లో పాప చంటిది, ఆ రద్దీలోకి వద్దన్నారు. నాకు ఊహ తెలిశాక నేను మునిగిన పుష్కరం అంటే 1991లోదే. అది పుట్టింటివైపు, కొవ్వూరు గోష్పాద రేవులో, మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని. మూడు మునకలు వెయ్యమంటే భయపడి రెండే వేశాను. మూడోది ఇప్పటికీ బాకీ.

సరే, అసలు సంగతికొస్తాను. 2015లో ఆ ఆఖరి రాత్రి అంట్లు తోముతూ ఏడుస్తూంటే మావారి మేనత్తగారు చూశారు. ఆవిడ కోనసీమ మనిషి. "ఎందుకే ఏడుస్తావు? మా డొక్కా సీతమ్మగారు అంతర్వేది ప్రయాణమే మానుకుని వెనక్కొచ్చేసింది. వండిపెట్టడమే పుణ్యం. నీకు గోదారి ఇంటికే వచ్చిందనుకో" అన్నారు. ఓదార్పుకే అన్నారు పాపం. నాకు మాత్రం చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోయింది. వంటిల్లే గుడి, వంటే పూజ అని ఆడవాళ్ళకి చెప్పడం చాలా తేలిక. చెప్పేవాళ్ళంతా అప్పటికే స్నానం చేసి, భోంచేసి ఉంటారు!

అయినా ఆవిడ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఇంటరుతో చదువు ఆపేసిన నాకు సీతమ్మగారి గురించి తెలిసింది తక్కువే. తర్వాత అడిగీ, చదివీ తెలుసుకున్నాను.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. అడిగినవాళ్ళకి అన్నం పెడతాడని ఊళ్ళో ఆయన్ని "బువ్వన్న" అనేవారట. ఆవిడని లంకల గన్నవరం డొక్కా జోగన్నగారికి ఇచ్చి చేశారు. ఇప్పటి కోనసీమ జిల్లాలో పి.గన్నవరం అంటామే, ఆ పక్కనే వైనతేయ పాయ. కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో కాలువలు పారి పంటలు పెరిగాయిగానీ, ప్రయాణాలు మాత్రం పడవల మీదే. రేవు దాటేవాళ్ళు, దూరం నుంచి నడిచొచ్చేవాళ్ళు ఏ వేళకి గన్నవరం చేరతారో చెప్పలేం. హోటళ్ళు లేని కాలం. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆవిడ లేచి పొయ్యి వెలిగించేవారట. కులం అడగడం లేదు, ఊరు అడగడం లేదు. ఒక్కరోజు రెండ్రోజుల సంబరం కాదు, దశాబ్దాల తరబడి. చివరికి భూములు కరిగిపోయినా పొయ్యి మాత్రం ఆరనివ్వలేదని అక్కడివాళ్ళు చెప్తారు. 1909లో ఆవిడ కన్నుమూశారు.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకి ఆవిడని రమ్మని పిలుపొచ్చిందట. ఆవిడ వెళ్ళనంటే, కనీసం ఫోటో అయినా కావాలని తీయించుకుని, దాన్ని కుర్చీలో పెట్టి గౌరవించారని చెప్పుకుంటారు. మనకైతే ఎవరైనా ఫోటో తీస్తారంటే ముందు చీర మార్చుకోవాలనిపిస్తుంది!

అంతర్వేది కథ ఇదీ. సముద్రంలో గోదావరి కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు కదా, ఆయన్ని చూడాలని సీతమ్మగారికి ఎన్నాళ్ళనుంచో కోరిక. ఇంట్లో పొయ్యి వదిలి కదిలే వీలేదీ? ఒకసారి ఎలాగో పల్లకీలో బయల్దేరారు. దారిలో విశ్రాంతికి దించినచోట పక్కన ఎవరో ప్రయాణికులు, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింటికి వెళ్తే అన్నం పెడుతుంది" అని ఊరుకోబెడుతున్నారట. అది వినగానే ఆవిడ బోయీలని పల్లకీ వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకంటే ముందే ఇంటికి చేరి వంట మొదలెట్టారు.

ఈ కథ నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో! కొన్నేళ్ళ క్రితం ఓ పెళ్ళికి కోనసీమ వెళ్తూ గన్నవరం అక్విడక్టు దాటాం. ఏరు కింద పారుతూంటే పైన కాలువ పోతూంటుంది, చూడ్డానికి వింతగా ఉంటుంది. కొత్త అక్విడక్టుకి సీతమ్మగారి పేరే పెట్టారు. కారు కిటికీలోంచి ఆ పేరు చదువుతూంటే నాకు తట్టింది. పల్లకీ తిప్పమన్నది ఆవిడే! భర్త కాదు, అత్తగారు కాదు, మేనత్తగారు కాదు. బయల్దేరిందీ ఆవిడే, వెనక్కి తిరిగిందీ ఆవిడే. మా ఇంట్లో నా పల్లకీ అసలు లేవనేలేదు. ఆవిడకి ఎదురుగా కనిపించింది ఆకలితో ఏడుస్తున్న పిల్లలు. నాకు కనిపించింది ఇడ్లీలోకి రెండో చట్నీ ఏదని అడిగే చుట్టాలు. నా వంట చిన్నదని కాదు నా ఉద్దేశం. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

అయితే ఇంట్లో దెబ్బలాట పెట్టుకున్నానా? లేదు. ఇంటికొచ్చి ఒక స్టీలు డబ్బా కడిగి పొయ్యి గట్టు మీద పెట్టాను. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు అందులో వెయ్యడం. ఇది నేను కనిపెట్టిందేం కాదు. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామివారు ఇల్లాళ్ళని ఇలా పిడికెడు బియ్యం తీసిపెట్టమని ఏనాడో చెప్పారు. నెలకి కిలోన్నర పైచిలుకు అవుతాయి. వాటితో నెలకోసారి పెరుగన్నం చేసి, పదిహేను పొట్లాలు కట్టి, ఆసుపత్రి బయట రోగుల తాలూకువాళ్ళు కూర్చునే చోటికి పట్టుకెళ్తాను. లోపల మంచం మీదవాళ్ళకి భోజనం వస్తుంది. బయట మెట్ల మీదవాళ్ళ సంగతి అడిగేదెవరు?

మొదటిసారి వెళ్ళినప్పుడు చెయ్యి చాచడానికి వాళ్ళకీ మొహమాటం, ఇవ్వడానికి నాకూ మొహమాటం. ఒక ముసలావిడ మాత్రం పొట్లం విప్పి రెండు ముద్దలు తిని, "అన్నం బాగుందమ్మా, ఇంత ఆవకాయ ముక్క వేస్తే ఇంకా బాగుణ్ణు" అంది. ఆ మాటకి ఎంత నవ్వొచ్చిందో, ఎంత హాయిగా ఉందో! చుట్టాలు చట్నీ అడిగితే మండిపడ్డ మనిషినే కదా నేను! ఆ రోజు ఇంటికొస్తూంటే 2015 గుర్తొచ్చిందిగానీ ఏడుపు రాలేదు. ఆ తర్వాతి నెల నుంచి ప్రతి పొట్లంలోనూ ఆవకాయ ముక్క తప్పకుండా ఉంటోంది.

మీలో ఎవరైనా చేస్తారేమోనని చెప్తున్నా, పెరుగన్నం పొద్దున్న కట్టినది మధ్యాహ్నానికి పులిసిపోకుండా చిట్కా ఒకటుంది. అన్నం మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి కాచిన పాలు పొయ్యాలి. గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు వేసి కలిపితే, తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. ఉప్పు, అల్లం, పోపు చల్లారాకే కలపండి. ఆవకాయ విడిగా చిన్న కాగితంలో కట్టండి, అన్నం మీద వేస్తే నూనె కారి పొట్లమంతా పాడవుతుంది.

మా అమ్మాయి ఈ పని చూసి, "అమ్మా, బళ్ళో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు తెలుసా" అంది. నిజమే, 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల భోజన పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా పెడుతున్నారు. ఆవిడ ఇంట్లో అన్నం తిన్నవాళ్ళ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు ఆవిడ పేరు మీద తినే పిల్లల లెక్క మాత్రం రిజిస్టరులో రోజూ రాయాల్సిందే!

రెండోపని, కార్తీకమాసంలో సోమవారాలు తెల్లవారకుండా రేవుకి వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ముందురోజు రాత్రే చెప్పేస్తాను, "రేపు ఏడింటిదాకా నేనుండను" అని. మొదటి సోమవారం ఇంటికొచ్చేసరికి పాలు పొంగి స్టవ్వంతా కట్టలు కట్టి ఉంది. మావారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నేను ఏమీ అనలేదు, తుడవనూ లేదు. కాస్సేపటికి ఆయనే లేచి తుడిచారు. నీళ్ళల్లో నిలబడి అరటిదొప్పలో దీపం వదిలిన ఆ పది నిమిషాలకీ, పొయ్యి ముందు డబ్బాలో గుప్పెడు వేసే ఆ క్షణానికీ నాకిప్పుడు పెద్ద తేడా కనిపించడం లేదు. అయితే రెండోదే చాలని, మొదటిది వదిలెయ్యమని ఎవరైనా అంటే మాత్రం వినను.

ఇక 2027కి చుట్టాల ఫోన్లు ఇప్పట్నించే మొదలయ్యాయి. అందర్నీ రమ్మన్నాను, మనస్ఫూర్తిగానే. కాకపోతే ముందే చెప్పేస్తున్నాను. ఆ పన్నెండు రోజులూ ఉదయం నాలుగు నుంచి ఆరుదాకా మా వంటింటికి సెలవు. ఫ్లాస్కులో కాఫీ ఉంటుంది, గ్లాసులు ఎవరివి వారు కడుక్కోవాలి. మేనత్తగారు ఇప్పుడు పెద్దవారయ్యారు, నడవలేరు. ఆవిణ్ణి రిక్షాలో రేవుకి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. "మరి ఇడ్లీలెవరు వేస్తారే?" అని ఆవిడే అడిగారు. మావారు నేర్చుకుంటున్నారు. గ్రైండరు స్విచ్చి దాకా వచ్చారు.