కూచుంటే బద్ధకం వస్తుందా?

ప్రొద్దుటూరు బట్టల షాపుల్లో పొద్దున్నించి రాత్రి దాకా నిలబడి చీరలు చూపించే ఆడపిల్లల్ని మనమంతా చూస్తూనే ఉన్నాం. గిరాకీ లేనప్పుడైనా ఒక స్టూలు వెయ్యరా అని నేనడిగితే, వాళ్ళలో ఒకామె "కూచుంటే బద్ధకం వస్తాదంట అక్కా" అంది. ఇది స్టూలు ఖర్చు లెక్క కాదు. మనిషి స్వభావం గురించి యజమాని పెట్టుకున్న సిద్ధాంతం.

యాజమాన్యం చేసే ప్రతి నిర్ణయం వెనకా ఇలాంటి ఊహ ఒకటి ఉంటుందని అమెరికన్ ఆచార్యుడు డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో రాశాడు. మనిషి పుట్టు బద్ధకస్తుడు, కాపలా లేకుంటే పని చెయ్యడు అనే నమ్మకానికి 'ఎక్స్' అని పేరు పెట్టాడు. పరిస్థితులు అనుకూలిస్తే బాధ్యత తనే తీసుకుంటాడు అనేదానికి 'వై' అన్నాడు.

స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ సౌకర్యాన్ని బట్టి మారిపోతాయి. జమ్మలమడుగు చేనేత ఇళ్ళలో కండెలు చుట్టే ఆమెకు ఏ కాపలా అక్కర్లేదు. ఓర్పు ఆమె సహజగుణం అంటారు. ఆ పనికి ఆమె చేతికి విడిగా కూలి రాదు కదా! కూలి ఇవ్వాల్సిన చోట మాత్రం అదే స్త్రీ అనుమానితురాలు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. పులివెందుల పల్లెల్లో కొలత ప్రకారం పని ముగించిన కూలీ కూడా రెండో ఫోటో కోసం కాచుకోవలసి వచ్చింది.

అయితే యజమానులు దయగా ఉంటే చాలునా? షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1927లో కొద్దిమంది యువతులతో మొదలైన ప్రయోగాన్ని, ఆదరిస్తే మనుషులు బాగా పనిచేస్తారనడానికి ఇప్పటికీ ఉదహరిస్తారు. మాటలెక్కువయ్యాయని, సహకరించడం లేదని వాళ్ళలో ఇద్దర్ని 1928లో మార్చేశారన్నది మాత్రం అంతగా చెప్పరు. ఆదరణకు కూడా నోరు మూసుకోవడమే షరతు.

కోళికోడ్ బట్టల షాపుల స్త్రీలు యజమానుల మనసు మారేదాకా ఆగలేదు. సంఘం పెట్టుకుని కొట్లాడారు. 2018లో కేరళలో, 2021లో తమిళనాడులో కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది.

దసరా గిరాకీ మొదలుకాకముందే ప్రొద్దుటూరులో మన కార్యకర్తలు షాపు షాపుకూ వెళ్ళాలి. స్టూలు ఎక్కడ, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడ అని అడగాలి. జవాబులు పేర్లు లేకుండా రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.