గుమ్మం దాటించే చెయ్యి

నెల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వూళ్లోనూ పెన్షన్ గుమ్మం ముందుకు నడిచివస్తుంది. 2024 జూలైనుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. తెలంగాణ 2023లో వికలాంగుల పెన్షన్‌ను 4,016కు పెంచింది. ఇది చిన్న సంగతేం కాదు. మండలాఫీసు ముందు చెట్టుకింద పొద్దుగూకేదాకా పడిగాపులు పడిన రోజులు మన పెద్దలింకా మరిచిపోలేదు.

అయితే ఆ డబ్బు తీసుకున్న అయిదు నిమిషాలకి ఆ యింట్లో పాత ప్రశ్న అలాగే మిగిలి వుంటుంది. ముప్పయ్యేళ్ల మనిషిని మంచంమీంచి ఎవరు లేపాలి? దొడ్లోకి ఎవరు తీసుకెళ్లాలి? స్నానం, బట్టలు, బస్టాండుదాకా ప్రయాణం, వీటి సంగతేమిటి? తరతరాలుగా మనకు తెలిసిన జవాబు ఒక్కటే: అమ్మ. అమ్మ తర్వాత భార్య. లేకపోతే పెళ్లి వాయిదాపడిన అక్కో చెల్లెలో. అరవై అయిదేళ్ల తల్లి తనకంటే బరువైన కొడుకుని రోజుకి నాలుగుసార్లు ఎత్తి దించుతూ వుంటే, "ఎంత ఓపికమ్మా నీకు!" అని మెచ్చుకుని వచ్చేస్తాం. ఆవిడ నడుం సంగతి అడగం. ఆవిడ తర్వాత ఎవరు అన్నది అసలే అడగం, బాగుండదు కనుక. ఆవిడ మాత్రం రోజూ రాత్రి అదే తలుచుకుంటూ పడుకుంటుంది.

ఇక్కడ ఒక మాట. ప్రధానమంత్రి 2015 డిసెంబరులో చేసిన సూచన తర్వాత ప్రభుత్వ కాగితాల్లో 'దివ్యాంగులు' అన్న పదం స్థిరపడింది. పేరులో దైవత్వం పెట్టి ఆఫీసు మెట్లు మాత్రం అలాగే వుంచాం. హక్కులకోసం పోరాడే సంఘాలే తమ పేర్లలో 'వికలాంగుల' అని రాసుకుంటున్నాయి కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.

అమ్మ పోయాక ఏమిటి అంటే మన సమాజానికి తెలిసిన రెండో జవాబు 'హోం'. ఊరి బయట ఒక కాంపౌండు, వరసగా మంచాలు, పుట్టినరోజుకి అన్నదానం చేసి ఫొటో దిగే దాతలు. నడిపేవాళ్ల మంచితనాన్ని నేను శంకించడం లేదు. కాని అక్కడ ఎనిమిదింటికి దీపాలార్పితే ఆర్పినట్టే. రేడియోలో మ్యాచ్ అయిపోలేదండీ అంటే కుదరదు. ఎవరి పక్కన పడుకోవాలో, ఏం తినాలో, ఎవరు రావచ్చో మరెవరో నిర్ణయిస్తారు. నేరం చేయని మనిషికి ఇది ఏ శిక్ష కింద వస్తుందో లా విద్యార్థులు చెప్పాలి.

మూడో దారి ఒకటి వుంది. మనిషి తన వూళ్లో, తన యింట్లోనో అద్దెగదిలోనో వుంటాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట సహాయకుడొకరు వస్తారు. ఆ సహాయకుణ్ణి ఎంచుకునేదీ, ఎప్పుడు రావాలో చెప్పేదీ, నచ్చకపోతే మానిపించేదీ ఆ మనిషే. "ఇంకొకరి సాయంతో బతకడం స్వతంత్రంగా బతకడమెలా అవుతుంది?" అని అడిగే మేధావులు మన కాంటీన్లోనే వున్నారు. అయ్యా, హాస్టల్లో మనకి అన్నం వండేది ఎవరు? మన చొక్కాలు ఇస్త్రీ చేసేది ఎవరు? రేపు ఒక పూట మెస్ మూసేస్తే మన స్వాతంత్ర్యం ఏమవుతుందో చూద్దాం. మనల్నెవరూ 'ఆధారపడినవాళ్లు' అనడం లేదు, ఎందుకంటే ఆ సాయానికి డబ్బు కడుతున్నాం, తేడా వస్తే గొడవ పెట్టుకుంటున్నాం. దయమీద బతికేవాడికి ఆ గొడవపడే హక్కే లేదు. రోజూ నవ్వుముఖంతో అడగాలి, రోజూ థాంక్స్ చెప్పాలి. ఆ అలసట ఎలాంటిదో కాళ్లున్నవాళ్లకి తెలియదు.

ఈ మూడో దారి వేసినవాళ్లలో విద్యార్థులు ముందున్నారన్న సంగతి యీ సంచికలో చెప్పుకోదగ్గది. ఎడ్ రాబర్ట్స్ అనే అమెరికన్‌కు 1953లో, పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చింది. మెడ కిందినుంచి శరీరం దాదాపుగా చచ్చుబడింది. రాత్రిళ్లు ఊపిరికోసం ఇనుప ఊపిరితిత్తి అనే పెద్ద యంత్రంలో పడుకోవాలి. ఇతను పనికెక్కలేడని పునరావాస శాఖవారు చదువుకి డబ్బివ్వడానికి మొదట నిరాకరించారు. అయినా 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో చేరాడు. ఆ యంత్రం పట్టే గది హాస్టల్లో లేదు. చివరికి క్యాంపస్ ఆసుపత్రిలోనే ఒక గది యిచ్చారు. అతని వెనక మరికొందరు వచ్చారు. జట్టుకట్టారు, తమకు తామే 'రోలింగ్ క్వాడ్స్' అని వెక్కిరింపు పేరు పెట్టుకున్నారు. వాళ్లు కలిసి ఆలోచించింది రోగాల గురించి కాదు, పనుల గురించి: చక్రాల కుర్చీ దారిలో పాడైతే బాగుచేసేదెవరు? సహాయకుల జాబితా ఎక్కడ దొరుకుతుంది? మెట్లులేని అద్దెయిళ్లు ఎక్కడున్నాయి? 1970లో విశ్వవిద్యాలయంలోనే దీనికొక కార్యక్రమం మొదలైంది. విద్యార్థులు కాని వికలాంగులు కూడా వచ్చి అడగడంతో 1972లో వూరందరికోసం స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. నడిపింది వికలాంగులే. 1975లో రాబర్ట్స్ ఆ రాష్ట్ర పునరావాస శాఖకే డైరెక్టరయ్యాడు! పనికిరాడన్న శాఖే అది.

మనకి చట్టాలు లేవా అంటే వున్నాయి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారతదేశం 2007లో ఆమోదించింది. దాన్ని అనుసరించి వచ్చిన 2016 చట్టం అయిదో సెక్షన్ ఏమంటుందంటే, వికలాంగులకు సమాజంలో అందరితోపాటు బతికే హక్కుంది, ఫలానాచోటే వుండాలని వాళ్లని నిర్బంధించకూడదు, వ్యక్తిగత సహాయకునితో సహా స్థానిక సేవలు వాళ్లకి అందాలి. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ సేవల దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అని మాత్రమే వుంది. మనదేశంలో ప్రయత్నానికి గడువు వుండదు గదా! బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి వున్నవారికోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. జిల్లాల్లో స్థానిక కమిటీలున్నాయి, అవి సంరక్షకుణ్ణి నియమిస్తాయి. సంరక్షకుడు సంతకం పెడతాడు, పొద్దున వచ్చి పళ్లు తోమించడు. మండలాల్లో భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసుకుంటున్నాయి, మెచ్చుకోవలసిందే. కాని పద్దెనిమిదేళ్లు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. బిడ్డ పెద్దదవుతుంది, తల్లి ముసలిదవుతుంది, సాయం సరిగ్గా అప్పుడే ఆగిపోతుంది.

మానసిక రోగుల పరిస్థితి మరీ అన్యాయం. 'ఎర్రగడ్డ' అన్న ఒక్క మాటని మనం తిట్టుగా, జోకుగా ఎన్నిసార్లు వాడామో! జబ్బు నయమయ్యాక కూడా తీసుకెళ్లే దిక్కులేక పిచ్చాసుపత్రుల్లోనే వుండిపోయినవాళ్లు దేశమంతటా వున్నారు. కుటుంబం లేదన్న కారణంతో ఎవర్నీ ఆసుపత్రిలో వుంచెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నది. మరి ఎక్కడికి పోవాలి? చెన్నైలో 1993లో మొదలైన 'ద బాన్యన్' సంస్థ దీనికి చేసి చూపించింది. అలాంటి స్త్రీలు కొద్దిమంది కలిసి మామూలు వీధిలో మామూలు అద్దెయింట్లో కాపురముంటారు, తోడుగా ఒక సహాయకురాలు వుంటుంది. కూరగాయలు బేరమాడతారు, పొరుగువాళ్లతో తగవులూ పడతారు. తగవు పడగలగడం కూడా ఆరోగ్యమే అని నా అభిప్రాయం.

"ఇంత పేద దేశంలో ఇవన్నీ సాధ్యమా?" అని మేష్టార్లు తల పంకిస్తారు. 1975లో అంగన్‌వాడీలు పెట్టినప్పుడు మనం ఇంకా పేదవాళ్లం. 2005 తర్వాత ఆశా కార్యకర్తలు వచ్చారు. 2019లో ఆంధ్రలో గ్రామ సచివాలయాలు వచ్చాయి. పల్లెలో ప్రతి గడపదాకా నడిచివెళ్లే యంత్రాంగం నిర్మించడం మనకు చేతకానిది కాదు. కాకపోతే భయమొకటుంది. ఈ పనిని కూడా 'గౌరవ వేతనం' పేరుతో పేద ఆడవాళ్ల నెత్తిన పెట్టి, సేవాభావం అని దండవేసి వూరుకుంటారేమోనని. ఒక తల్లి నడుంమీంచి తీసిన బరువుని ఇంకో తల్లి నడుంమీద పెట్టడం పరిష్కారం కాదు. శిక్షణ, జీతం, సెలవు వుండాలి. అవతల సహాయకుడు విసుక్కున్నా, చెయ్యిచేసుకున్నా, డబ్బు కాజేసినా ఫిర్యాదుచేసే చోటు వుండాలి, అది ఫోనులో దొరకాలి. కదలలేనివాణ్ణి ఆఫీసుకి వచ్చి అర్జీ రాసుకోమంటే అంతకన్నా వెటకారం లేదు.

ఇక మన సంగతి. ఉన్నత విద్యలో వికలాంగులకు అయిదు శాతం సీట్లు ఇవ్వాలన్నది 2016 చట్టమే. సీటు వచ్చింది, క్లాసు మూడో అంతస్తులో వుంది. స్నేహితులు కుర్చీతో సహా ఎత్తుకుని ఎక్కిస్తున్నారు, చూడముచ్చటగానే వుంది. వాళ్లు ఫైనలియర్ దాటి వెళ్లిపోతే? సంక్రాంతి సెలవులకు హాస్టలంతా ఖాళీ అయితే? వసతి ప్రమాణాలు వట్టి సలహాలుగా వుండడానికి వీల్లేదు, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. భవనాల సంగతి అధికారులు చూసుకోవాలి, మనం వెంటపడాలి. మనిషి తోడు సంగతి మాత్రం యూనియన్ ఎవర్నీ అడగకుండా మొదలుపెట్టవచ్చు. వార్షికోత్సవం లైట్లకీ, మైకులకీ పెట్టే ఖర్చులో కొంత తీసి, చదివిపెట్టేవాళ్లకీ పొద్దుటిపూట సాయం చేసేవాళ్లకీ గంటల లెక్కన డబ్బివ్వవచ్చు. ఆ డబ్బు అవసరమున్న విద్యార్థి చేతికే యివ్వాలి, అతనే ఎంచుకోవాలి. క్యాంపస్ చుట్టుపక్కల కిందిగదులున్న అద్దెయిళ్ల జాబితా రాసి నోటీసుబోర్డుమీద పెట్టడానికి ఒక ఆదివారం చాలు. చక్రాల కుర్చీ ట్యూబుకి పంక్చరు వేసే సైకిల్ షాపతను గేటు ఎదురుగానే వున్నాడు, అతనితో నెలకింతని మాట్లాడుకోవచ్చు. వచ్చే సంవత్సరం బడ్జెట్ సమావేశంలో యీ పద్దు చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ సమావేశం మేడమీద కాకుండా కింది హాల్లో పెట్టమని కూడా.