మేకకు పట్టా అడిగే సాయం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. మరుసటి ఏడాది సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చి కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలను ముంచెత్తింది. ఇటువంటి ప్రతి విపత్తు తరువాతా మన చర్చ అంతా వరి చుట్టూ తిరుగుతుంది. పాకలో కట్టేసిన జీవం ఊసు ఎత్తేవారు తక్కువ.

చీరాల దగ్గరి రామాపురం తీరం నుంచి రేపల్లె దాకా, సెంటు భూమి లేని ముస్లిం కుటుంబానికి, దూదేకుల కుటుంబానికి ఒక గేదె, నాలుగు మేకలే బ్యాంకు ఖాతా. ఆడపిల్ల పెళ్లికైనా, ఆసుపత్రికైనా అందులోంచే తీయాలి. బక్రీదుకు అమ్ముదామని మేపిన పొట్టేలు ఆ ఇంటి ఏడాది పొదుపు.

2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనలు చూడండి. పాడి గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, మేకకో గొర్రెకో 4,000. ఆ ధరకు బక్రీదు పొట్టేలు ఏ సంతలో దొరుకుతుందో రాసినవారే చెప్పాలి. అయినా అంకెలతో పేచీ తరువాత. ఆ పద్దు తలకట్టే సన్న, చిన్నకారు రైతులకు సాయం అని! రైతు అంటే పాసుపుస్తకం ఉన్నవాడేనన్నది కచేరీల వాడుక. కాలువగట్టున మేకలు మేపుకొనే వితంతువు ఏ పుస్తకం చూపాలి?

ఇంకొక మెలిక ఉంది. పోయినది ఆర్థికంగా ఉత్పాదకమైన పశువై ఉండాలి; దాని మరణాన్ని అధికారి ధ్రువీకరించాలి. పొట్టేలు పాలివ్వదు, బండి లాగదు. పాడి వరుసలో గొర్రె పేరుంది కనుక ఇవ్వవచ్చునని ఒక అధికారి అనవచ్చు, కుదరదని మరొకరు అనవచ్చు. అధికారి మనసును బట్టి మారేదాన్ని హక్కు అంటామా? వరదలో కొట్టుకుపోయిన గేదె కళేబరాన్ని ఎక్కడినుంచి తెచ్చి చూపాలి?

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లోనే మన రాష్ట్రంలో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టమూ వచ్చింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ చర్చ కాదు. కాని పశువుల బండ్లను అటకాయించే గుంపుల భయం ఎరిగిన ముస్లిం, చచ్చిన ఎద్దుకు పరిహారం అడగబోతూ ‘నీకు ఎద్దు ఎందుకు?’ అనే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుంటాడు. పొరుగు రైతుకు ఆ అవసరం ఉండదు.

నిబంధనలో మతం మాట లేదు కదా అంటారు. నిజమే, లేదు. భూమి లేనివారిని వదిలేసే నిబంధన యానాదులనూ, దళితులనూ, మనలనూ ఒకే గాటన కడుతుంది. అందుకే ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు.

కేంద్రం గీసిన గీత దాటి రాష్ట్రం ఇవ్వగలదు. 2024 వరదల తరువాత పాడి పశువుకు 50,000, గొర్రెకు 7,500 ప్రకటించింది. డబ్బు పెంచగలిగిన చేయి, ‘భూమి ఉన్నా లేకున్నా పశువు పెంచే ప్రతి కుటుంబానికి’ అన్న ఒక్క వాక్యం రాయలేదా? మగ జీవాలనూ పేరు పెట్టి చేర్చాలి. కళేబరం దొరకనప్పుడు చెవిపోగు నంబరునూ, ఇరుగుపొరుగు సాక్ష్యంతో రాసిన పంచనామానూ రుజువుగా తీసుకోవాలి.

మన మసీదు కమిటీలకూ ఒక మాట. తుపాన్ల కాలం మొదలయ్యేలోపే మహల్లాలోని ప్రతి గేదెకూ మేకకూ చెవిపోగు వేయించండి, ఫొటో తీసి జాబితా రాయండి. అర్జీని తోసిపుచ్చితే కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి.