పాదం పెద్దది కాదు... వెడల్పు!

షుగరు హద్దు దాటకముందే ఒంటికి కాస్త పని చెప్పమన్నారు డాక్టరు. కాలనీ కోర్టులో స్నేహితులు రోజూ టెన్నిస్ ఆడుతూనే ఉన్నారు. ఇంకేం... 48 ఏళ్ల ఆ బ్యాంకు ఉద్యోగి హుషారుగా రాకెట్ పట్టారు. మూడో వారానికే దాన్ని అటకెక్కించారు. కారణం బద్ధకం కాదు, బూట్లు!

ఆయనది వెడల్పాటి పాదం. 8వ నంబరు తొడిగితే చిటికెనవేలి దగ్గర పట్టేసింది. 'ఒక నంబరు పెద్దది చూడండి సార్' అన్నాడు షాపు కుర్రాడు. 9 కూడా బిగుతే. చివరికి 10 కొన్నారు. వేళ్లకు చోటు దొరికిందిగానీ మడమ నిలవలేదు. బంతి కోసం పక్కకు దూకితే బూటులోనే కాలు జారి చీలమండ బెణికింది.

చాలామంది చేసే పొరపాటే ఇది. బూటు మీది అంకె చెప్పేది పొడవు సంగతే. వెడల్పుకి వేరే గుర్తులున్నాయి. అమెరికా పద్ధతిలో మగవారికి 'డి' మామూలు వెడల్పు, '2ఈ' వెడల్పు, '4ఈ' మరీ వెడల్పు. ఆడవారికి 'బి' మామూలు, 'డి' వెడల్పు. న్యూ బ్యాలెన్స్ లాంటి కంపెనీలు కొన్ని టెన్నిస్ షూలను '2ఈ'లోనూ తయారుచేస్తాయి. అడగందే ఈ సంగతి ఎవరూ చెప్పరు!

'నా కాలే అంత' అని నొచ్చుకోనక్కర్లేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకూ దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. మనవాళ్ల పాదాలు పాశ్చాత్యుల కన్నా వెడల్పని తేల్చింది. మనకంటూ 'భ' పేరుతో కొత్త కొలతల్నీ ప్రతిపాదించింది. అంటే లోపం కాలిది కాదు, అచ్చుది.

పరుగు కోసం చేసిన షూలు మెత్తగా, హాయిగా ఉంటాయి. కానీ అవి ముందుకు కదలడానికే. టెన్నిస్‌లో పక్కలకు దూకడం, ఉన్నట్టుండి ఆగడం ఎక్కువ. అందుకే టెన్నిస్ షూలకు పక్కలు గట్టిగా, మడమ నిలకడగా ఉంటాయి. వెడల్పు కోసమని ఆ భద్రతను వదులుకోకూడదు.

కొనేముందు...

* సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఆటలోనూ అంతే.

* నిలబడి రెండు పాదాలనూ కొలిపించుకోండి. ఏది పెద్దదైతే దాని ప్రకారం తీసుకోండి.

* ఆడేటప్పుడు వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి.

* షూ లోపలి మెత్తను బయటికి తీసి దానిమీద నిలబడండి. పాదం అంచు దాటి పొర్లితే అది మీది కాదు.

* షాపులోనే పక్కలకు నాలుగు అడుగులు వేయండి. మడమ లేవకూడదు.

* 'వాడగా వాడగా సాగుతుందిలెండి' అంటే నమ్మొద్దు. మొదటి రోజు కరిచే బూటు మీకొద్దు.

ఉన్న షూ కొద్దిగానే బిగుతైతే ఓ చిట్కా. పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట లేసును అడ్డంగా వేయకుండా, ఆ రంధ్రాలు వదిలేసి నేరుగా పైకి తీసుకెళ్లండి. పైన మాత్రం గట్టిగా ముడివేయండి.

బిగుతు బూటుతో నెట్టుకొస్తే ఆనెలు, నల్లబడిన గోళ్లు బహుమతి! షుగరు ఉన్నవారికైతే పాదాల్లో స్పర్శ తగ్గి బూటు కరిచినా తెలియకపోవచ్చు. చిన్న బొబ్బే పుండుగా మారొచ్చు. ఆట ముగియగానే పాదాలు చూసుకోవడం, తేడా ఉంటే డాక్టరుకి చూపించడం తప్పనిసరి.

ఇంతకీ ఆ బ్యాంకు ఉద్యోగి ఏం చేశారంటారా? నాన్నను కాగితం మీద నిలబెట్టి కూతురు పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ షాపులు తిరిగారు. నంబరు మళ్లీ ఎనిమిదే... వెడల్పు మాత్రం '2ఈ'. బెణుకు తగ్గింది. రాకెట్ అటక దిగింది.