వానొచ్చిందా, అదృష్టమే!

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో టె అనావ్ అని ఓ చిన్న ఊరుంది, పెద్ద సరస్సు ఒడ్డున. పొద్దున్నే అక్కణ్ణించి మిల్ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయకి బస్సెక్కేవాళ్ళలో కొత్తవాళ్ళెవరో ఇట్టే తెలిసిపోతుంది. బయట వాన దంచుతుంటే మొహాలు వేలాడేసుకుని కూచునేది వాళ్ళే. ఇంత ఖర్చు పెట్టుకుని ఇంత దూరమొస్తే ఇదేం ఖర్మరా అని గొణుక్కుంటుంటారు. ఆ దారిలో ఏళ్ళ తరబడి బండి నడిపిన డ్రైవర్ని అడిగి చూడండి, ఇవాళ మీ పంట పండింది అంటాడు. ప్రయాణికుల్ని ఊరడించడానికి అనే మాట కాదది, నిజంగా నిజం.

ఎందుకో తెలియాలంటే ఆ దీవి ఎలా ఉంటుందో కాస్త చెప్పుకోవాలి. దీవి పొడుగునా దడి కట్టినట్టు ఓ 500 కిలోమీటర్ల మేర సదరన్ ఆల్ప్స్ కొండలుంటాయి. వాటిల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఆవొరాకీ, అదే మౌంట్ కుక్, 3,724 మీటర్లు. ఆవొరాకీ అంటే మబ్బుల్ని చీల్చుకుని పైకొచ్చేది అని చాలామంది అర్థం చెబుతారు. పడమటి నుంచి సముద్రం మీదుగా తడిగాలి వస్తూనే ఉంటుంది. భూగోళం కింది సగంలో 40 డిగ్రీలు దాటాక ఆ గాలికి అడ్డుపడే నేల చాలా తక్కువ. అందుకే వెనకటి నావికులు ఆ గాలులకి ‘రోరింగ్ ఫార్టీస్’, అంటే గర్జించే నలభైలు, అని పేరు పెట్టారు. అంత దూరం అడ్డూ ఆపూ లేకుండా వచ్చిన గాలి ఒక్కసారిగా ఈ దడికి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడే దింపేసుకుంటుంది.

ఎన్ని నీళ్ళంటే, మిల్ఫర్డ్ సౌండ్‌లో ఏడాదికి ఆరున్నర మీటర్ల దాకా వాన పడుతుంది. హైదరాబాదులో పడేదానికి దాదాపు ఎనిమిది రెట్లు. అదే దడికి అటువైపు, గీత గీస్తే 150 కిలోమీటర్లు కూడా లేని అలెగ్జాండ్రా అనే ఊళ్ళో ఏడాదికి పడేది 350 మిల్లీమీటర్ల దగ్గర. వానకి మొహం వాచిన మన అనంతపురంలో కూడా అంతకంటే ఎక్కువే కురుస్తుంది!

కాబట్టి ఆ దేశంలో వాతావరణం ఎలా ఉంది అనడిగితే సరిపోదు, కొండకి ఏ పక్క అని కూడా అడగాలి. పడమటి తీరంలో హోకిటికా కుండపోతలో తడుస్తున్న రోజునే తూర్పున క్రైస్ట్‌చర్చ్‌లో వేడిగా, పొడిగా గాలి వీస్తుంటుంది. కొండ దాటి కిందికి దిగేటప్పుడు ఆ గాలే వేడెక్కుతుంది మరి. స్థానికులు దాన్ని ‘నార్‌వెస్టర్’ అంటారు. అది వీచేటప్పుడు పడమటి ఆకాశంలో మబ్బు కమాను కట్టినట్టు నిలబడుతుంది.

ఈ తేడా కళ్ళారా చూడాలంటే బస్సుని మించింది లేదు. సొంతంగా కారు నడిపేవాళ్ళ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. పైగా రోడ్లు ఇరుకు, మలుపులెక్కువ. బస్సులో అయితే కిటికీకి చెంప ఆనించుకుని కూచోవచ్చు. పడమటి తీరంలో ఫ్రాంజ్ జోసెఫ్ హిమనది దగ్గర ఎక్కి కొండలకి అవతలున్న వానాకా ఊరి వైపు వెళ్ళే దారినే తీసుకోండి. హాస్ట్ అనే ఊరి దాకా అంతా తడి అడవి, ఫెర్న్ చెట్లు, అద్దం మీద ఆగకుండా తిరిగే వైపర్లు. హాస్ట్ కనుమ ఎత్తు 564 మీటర్లే. అది దాటి కిందికి దిగుతుంటే అడవి పలచబడుతుంది, పచ్చదనం పోయి ఎండుగడ్డి కొండలొస్తాయి, వానకోటు విప్పి నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాల్సి వస్తుంది. అంతా ఒక పూటలోనే. ఆ కొండల్ని దాటి తీరం పొడుగునా రోడ్డు పూర్తిగా కలిసింది 1965లో. అంటే మన అమ్మమ్మల కాలం దాకా ఇటువాళ్ళు అటు వెళ్ళాలంటే పెద్ద చుట్టే.

బస్సుల్లో ఇంకో సుఖముంది. ఇంటర్‌సిటీ బస్సులకి గంటల లెక్కన పాసు దొరుకుతుంది. కొనుక్కున్న గంటల్లోంచి ప్రయాణించినంత సేపూ తరుగుతూ పోతుంది. ఇవాళ ఇక్కడ బాగుంది, రేపు కూడా ఉందాం అనుకుంటే ఉండిపోవచ్చు. వీపు సంచీతో తిరిగేవాళ్ళకి ఆ వెసులుబాటే ప్రాణం. ఇక టీ కోసం ఆగడం సంగతంటారా, అది చట్టమే చూసుకుంటుంది. ఐదున్నర గంటలు పని చేశాక డ్రైవరు అరగంట విశ్రాంతి తీసుకుని తీరాలి.

మనవాళ్ళు పొరపాటు పడేది రోజుల లెక్క దగ్గరే. సెలవు దొరికిందే పదిరోజులు కదా అని ఏ రోజు ఎక్కడో గంటలతో సహా రాసేసుకుంటారు. ఆ దేశంలో ఆ కాగితం నిలవదు. 2019 మార్చిలో ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది పొంగి వంతెన్నే ఎత్తుకుపోయింది. సైన్యం కూడా చెయ్యి వేసి కొత్తది నిలబెట్టేదాకా కొన్ని వారాలు ఆ తీరం దారి రెండు ముక్కలే. 2020 ఫిబ్రవరిలో వరదలకి మిల్ఫర్డ్ రోడ్డు కొట్టుకుపోయి వందలాదిమంది అక్కడే చిక్కుకుపోయారు. ఆ రెండు నెలలూ అక్కడ చలికాలం కాదు, ఫిబ్రవరి వేసవి, మార్చి ఆకురాలు కాలపు మొదలు. చలికాలమైతే మంచుచరియల భయంతో మిల్ఫర్డ్ రోడ్డు మూసెయ్యడం మామూలే. తిరుగు విమానానికి ముందు రెండు రోజులైనా ఖాళీగా ఉంచుకోవడం మంచిపని.

సంచీ విషయానికొద్దాం. జీన్స్, కాటన్ చొక్కాలు ఇంట్లోనే వదిలెయ్యడం మంచిది. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటిని చల్లబరిచేస్తుంది. పల్చటి ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటి, పైన నీళ్ళు దిగని కోటు, అంతే. ఆ గాలికి గొడుగు రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. సంచీ లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి బట్టలు అందులో పెడితే రాత్రికి పొడి చొక్కా మిగులుతుంది. మబ్బుగా ఉంది కదా అని మొహానికి క్రీము మానెయ్యకూడదు. అక్కడి ఎండ చురుకు చర్మం కందిపోయాక గానీ తెలీదు.

ఇక ఆవకాయ, కందిపొడి సంగతి. విమానాశ్రయంలో తిండి పదార్థాలన్నీ ముందే చెప్పాలి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. తేనె అయితే అస్సలు రానివ్వరు. బూట్లకి మట్టి అంటుకున్నా ఊరుకోరు, కడిగించి పంపుతారు. దీవి దేశం కదా, బయటి పురుగూ బయటి తెగులూ వస్తే పైర్లకీ పక్షులకీ ప్రమాదమని వాళ్ళ బెంగ. కాగితం మీద నిజం రాసి, ప్యాకెట్ విప్పి చూపిస్తే సరి.

వంట దిగులు అక్కర్లేదు. యువజన హాస్టళ్ళ పద్ధతి అక్కడ 1932లోనే కోరా వైల్డింగ్ అనే ఆవిడ చొరవతో మొదలైంది. ఇవాళ్టికీ ఏ బ్యాక్‌ప్యాకర్ల బసకి వెళ్ళినా అందరికీ కలిపి ఒక వంటిల్లు ఉంటుంది. మామూలుగా ఓ మూల ఓ అర కూడా ఉంటుంది. ఊరు వదిలివెళ్ళేవాళ్ళు మిగిలిన బియ్యం, ఉప్పు, సగం వాడిన నూనె సీసా అందులో పెట్టి పోతారు, కావాల్సినవాళ్ళు తీసుకోవచ్చు. బయట వాన, పొయ్యి మీద ఎవరిదో బియ్యం, సంచీలోంచి తీసిన మన కందిపొడి. వేరే దేశంవాళ్ళు వాసన చూసి పక్కన చేరతారు, ఆ రాత్రికి కబుర్లకి కొదవుండదు.

మళ్ళీ ఆ వాన రోజు బస్సులోకి వద్దాం.

టె అనావ్ నుంచి మిల్ఫర్డ్ దాదాపు 120 కిలోమీటర్లు. చివర్లో నిట్టనిలువు రాతిగోడ అడ్డొస్తుంది. దాన్ని తొలిచి వేసిన సొరంగమే హోమర్ టన్నెల్, 1.2 కిలోమీటర్లు. 1935లో ఐదుగురు మనుషులు గునపాలు, తోపుడు బండ్లతో మొదలెట్టారు. మంచుచరియలు మనుషుల్ని బలి తీసుకున్నాయి, మధ్యలో యుద్ధమొచ్చింది, కార్లు వెళ్ళేసరికి 1954 అయింది. లోపల రాయి రాయిలాగే ఉంటుంది, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. రోడ్డు పదికి ఒకటి వాలు. సొరంగం ముందు ఆగిన కార్ల మీద కీయా చిలకలు వాలి కిటికీ రబ్బరు పీకుతుంటాయి. పచ్చటి ఒళ్ళు, ఎత్తితే రెక్క కింద నారింజ రంగు.

బస్సు చీకట్లోంచి అవతలికి రాగానే ఎవరికీ నోట మాట రాదు. కళ్ళ ముందు ఎటు చూసినా నల్లటి రాతిగోడలు, ప్రతి గోడ మీదా పదులకొద్దీ తెల్లటి ధారలు. మట్టి పెద్దగా లేని రాయి కాబట్టి పడ్డ వాన ఇంకదు, పడ్డట్టే జారుతుంది. చెట్లు కూడా ఒకదాని వేళ్ళు ఒకటి పట్టుకుని ఆ రాతికి వేలాడుతుంటాయి. మిల్ఫర్డ్‌లో పడవెక్కి సముద్రపు పాయలోకి వెళ్తే, 151 మీటర్ల స్టిర్లింగ్ జలపాతం కిందికి దాదాపు తగిలేంత దగ్గరగా తీసుకెళతారు. పొద్దున గొణుక్కున్నవాళ్ళే డెక్కు మీద నిలువెల్లా తడుస్తూ, లెన్సు తుడుచుకుంటూ, లోపలికి రమ్మంటే రారు.

వాన ఆగిన కొద్ది గంటల్లోనే ఆ ధారలు ఒక్కొక్కటే సన్నబడి మాయమైపోతాయి. నాలుగు రోజులు ఎండ కాశాక వచ్చేవాళ్ళకి ఏడాది పొడుగునా ఉండేవి రెండే కనిపిస్తాయి, స్టిర్లింగ్ ఒకటి, లేడీ బోవెన్ ఒకటి.