కీళ్లవాతం ఉన్న పెద్దలకు ముద్ద దిగడం లేదా? వయసు మీదకు నెట్టేయకండి

మీ ఇంట్లో ఏళ్లుగా కీళ్లవాతం మందులు వాడుతున్న పెద్దవాళ్లు జొన్నరొట్టె మానేసి గట్కతో సరిపెట్టుకుంటున్నారా? నీళ్లు తాగినా పొలమారుతోందా? ముసలితనం అని వదిలేయకండి. జబ్బు గొంతుదాకా వచ్చి ఉండొచ్చు.

కీళ్లకూ గొంతుకూ సంబంధమేంటి?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేళ్లు, మోకాళ్లతోనే ఆగదు. దవడ కీలు పట్టేస్తే నమలడం కష్టం. స్వరపేటికలోని చిన్న కీళ్లు వాస్తే గొంతు బొంగురుపోతుంది, మింగితే నొప్పి పెడుతుంది. షోగ్రెన్స్ జబ్బులో నోరెండిపోయి ముద్ద జారదు. స్క్లెరోడెర్మాలో అన్నవాహిక కదలిక తగ్గి, తిన్నది ఛాతీలో ఆగినట్టుంటుంది.

మందులూ కారణం కావొచ్చు. నొప్పి మాత్రలు, ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్ గుక్కెడు నీళ్లతో వేసుకుని పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. స్టెరాయిడ్ల వల్ల నోట్లో, గొంతులో ఫంగస్ రావొచ్చు.

అసలు ముప్పు, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావడం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి అది మరీ ప్రమాదం.

మన దగ్గర లోటు ఎక్కడ?

2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టును కేటాయించింది. సురక్షితంగా మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టు ఆ జాబితాలో లేరు. ఆ పోస్టు ఉన్న డీఈఐసీ కేంద్రాలేమో 18 ఏళ్లలోపు పిల్లల కోసం పెట్టినవి. అంటే కీళ్లకు దారి ఉంది, గొంతుకు లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

ఆదిలాబాద్‌లో రిమ్స్, కరీంనగర్‌లో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రి. అక్కడ జనరల్ మెడిసిన్, ఈఎన్‌టీ రెండు విభాగాల్లోనూ చూపించండి. కీళ్లవాతం సంగతి ఈఎన్‌టీ డాక్టరుకు, మింగలేని సంగతి మెడిసిన్ డాక్టరుకు మీరే చెప్పాలి. ప్రత్యేక రుమటాలజీ విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. కాబట్టి బయల్దేరే ముందు పీహెచ్‌సీలో ఈ-సంజీవని ద్వారా స్పెషలిస్టుతో మాట్లాడించమని అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. మీ చికిత్స అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఏం రాసుకెళ్లాలి?

గట్టి పదార్థం దిగడం లేదా, నీళ్లు కూడానా? ఎన్నాళ్లుగా? బరువు తగ్గారా? మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

ఈలోగా నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టండి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. డాక్టరును అడగకుండా మాత్రలు నలిపి ఇవ్వొద్దు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపొద్దు. ఉమ్ము కూడా మింగలేకపోతే, ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.